బాస్ ఫిషింగ్‌కి మూడు రకాల లైఫ్ జాకెట్లు కొన్నా, రెండుసార్లు నీళ్ళలో పడ్డా, ఇదిగో రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. కయాక్ (తెడ్డు వేసుకునే చిన్న పడవ) మీద చేపలు పడతానంటే, వీపు పైభాగంలో మాత్రమే ఫోమ్ ఉండి కింద జాలీ గుడ్డ ఉండే ప్యాడ్లింగ్ జాకెట్ కొనండి. మోటార్ బోట్ మీదే వెళ్తా, ఈత వచ్చు, పిల్లలెవరూ రారు అంటే గాలి నిండే రకం కొనుక్కోవచ్చు. మెడలో దండలా వేసుకునే ఆరెంజ్ రంగు చవక రకం ఉంది చూశారా, అది ఇంట్లో ఉంటే ఉండనివ్వండి, కొత్తగా మాత్రం కొనకండి. రివ్యూ అయిపోయింది. మిగతాదంతా నేను దీనికి ఎంత తగలేశానో, ఎలా బుద్ధొచ్చిందో.

నేనుండేది డల్లాస్‌కి ఉత్తరాన, లూయిస్‌విల్ లేక్ కార్లో పావుగంట. నాలుగేళ్ళ క్రితం మొదలుపెట్టా ఈ పిచ్చి. అంతకుముందు చేపలంటే చిన్నప్పుడు గోదారి కాలవ గట్టు మీద కూర్చుని వెదురు కర్రకి దారం కట్టి, బెండు తగిలించి, వానపాము గుచ్చి పరిగెలు పట్టడమే. ఇక్కడ ఈ బాస్ అనే చేప వేరే రకం అండి, బుద్ధి అచ్చం మన కొరమీనుదే, నాచులోనో మునిగిన చెట్టు మోడు పక్కనో నక్కి కూర్చుని ముందు నుంచి ఏదైనా పోతే ఒక్క దూకు దూకి మింగేస్తుంది, ఆ లాగుడు ఒకసారి చేతికి తగిలితే ఇంక శని ఆదివారాలు ఇంట్లో ఉండబుద్ధి కాదు. మా వాట్సాప్ గ్రూప్‌లో కొత్తగా వచ్చే ప్రతివాడూ అడిగేది ఏ రాడ్ కొనాలి, ఏ రీల్ కొనాలి, ఏ రంగు పురుగు కొనాలి అనే. లైఫ్ జాకెట్ ఏది మంచిది అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు ఇప్పటిదాకా. నేనూ అడగలేదు లెండి.

మొదటి జాకెట్ కథ. పెద్ద స్టోర్‌లో నలభై డాలర్లకి నాలుగు వచ్చే ప్యాక్. బోట్‌లో ఎంతమంది ఉంటే అన్ని ఒంటికి వేసుకునే జాకెట్లు ఉండాలని చట్టం, కయాక్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, లేక్ మీద తనిఖీ చేసే వార్డెన్ ఆపితే చూపించడానికి ఉండాలి కదా అని కొన్నా. నిజం చెప్పాలంటే దానికీ ఒక గుణం ఉంది, స్పృహ తప్పిన మనిషిని చాలాసార్లు ముఖం పైకి ఉండేలా తిప్పుతుంది, నేను తర్వాత కొన్న ఖరీదైన ఫోమ్ జాకెట్‌కి ఆ గ్యారంటీ లేదు. కానీ అది వేసుకుని ఒక గంట గాలం వెయ్యండి చూద్దాం. మెడ దగ్గర గీసుకుంటది, రాడ్ వెనక్కి తిప్పిన ప్రతిసారీ గడ్డానికి తగుల్తది, ఎండలో చెమటకి దురద. పది నిమిషాల్లో తీసి వెనకాల పడేస్తారు. నేనూ అంతే, కయాక్ వెనక భాగంలో ఎలాస్టిక్ తాడు కింద కుక్కేసి, మధ్యాహ్నం గట్టుకొచ్చినప్పుడు తలకింద దిండుగా వాడేవాణ్ణి.

ఇక మొదటిసారి పడ్డం. రే రాబర్ట్స్ లేక్, ఫిబ్రవరి చివర. టెక్సస్‌లో పెద్ద బాస్‌లు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువున్న చోటికి వచ్చే కాలం మొదలయ్యేది అప్పుడే, నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ వైపు ఎక్కుతుంటే అందరికీ చేతులు దురద పుడతాయి. ముందురోజు ఎండగా ఉంది, ఆ రాత్రి చలిగాలి దిగింది, పొద్దున్నే ఉత్తరం గాలి. వద్దనుకోవాల్సింది. వెళ్ళా. మునిగిన చెట్ల దగ్గర ఒకటి తగిలింది, బరువుగా ఉంది, అది మోడు కిందకి దూరుతుంటే నేను రాడ్ పక్కకి లాగుతూ ఒరిగా, అదే టైంకి పక్కనుంచి ఒక అల. ఎలా పడ్డానో కూడా తెలీదు, ముందు క్షణం చేప, తర్వాత క్షణం నీళ్ళు.

మా నాన్న ఎప్పుడూ అంటుంటాడు, ఈతకు మించిన లోతు లేదు అని. గోదారిలో ఈత నేర్చినవాణ్ణి, అవతలి లంకకి వెళ్ళొచ్చిన రోజులున్నాయి, ఆ గర్వం నాకు బాగానే ఉండేది. కానీ ఆ సామెత పుట్టింది వెచ్చటి నీళ్ళున్న ఊళ్ళో అండి. చన్నీళ్ళు ఒక్కసారిగా ఒంటికి తగిలితే మన ప్రమేయం లేకుండా ఊపిరి గట్టిగా లోపలికి లాగేస్తాం, ఎక్కిళ్ళలాగా, ఆపుదామన్నా ఆగదు. ఆ టైంలో తల నీళ్ళలో ఉంటే లాగేది గాలి కాదు. నేను ఒక గుక్క మింగా. ఈత గుర్తుకు రావడానికి ముందు దగ్గు వచ్చింది. చెప్పులు కాదు, వెచ్చగా ఉంటాయని బూట్లు వేసుకున్నా, జీన్స్ ప్యాంటు ఒకటి, కాళ్ళు కదలవు. కయాక్ ఏమో తిరగబడి గాలికి నాకంటే స్పీడ్‌గా పోతోంది, నా జాకెట్ దాని వెనకాల తాడు కింద భద్రంగా ఉంది! పడ్డాక నీళ్ళలో జాకెట్ వేసుకోవచ్చులే అనుకునేవాళ్ళు ఇంట్లో బాత్‌టబ్‌లో ట్రై చెయ్యండి ఒకసారి, తేలుతున్న జాకెట్‌ని ఒంటికి తొడుక్కోవడం ఎంత కష్టమో తెలుస్తది.

దూరంగా బాస్ బోట్‌లో ఉన్న ఒక పెద్దాయన చూసి వచ్చి చొక్కా పట్టుకుని లాగాడు. ఏడెనిమిది నిమిషాలు ఉన్నానేమో నీళ్ళలో, పైకెక్కాక వేళ్ళతో జిప్ పట్టుకోలేకపోయా. ఆయనే చెప్పాడు 1-10-1 అని ఒక లెక్క. గడ్డకట్టేంత చల్లటి నీళ్ళలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్ళు మన మాట వినేది 10 నిమిషాలు, ఒళ్ళు చల్లబడి స్పృహ పోవడానికి 1 గంట. నేను పడ్డ నీళ్ళు మరీ అంత చల్లనివి కావు, ఫారెన్‌హీట్‌లో యాభైల్లో ఉన్నాయి, అయినా మొదటి నిమిషం అలాగే జరిగింది. జాకెట్ ఒంటిమీద ఉంటే ఆ మొదటి నిమిషం దగ్గుకుంటూ తేలుతూ ఉంటాం, లేకపోతే అక్కడే కథ ముగుస్తది. తర్వాత ఇంటికొచ్చి కోస్ట్ గార్డ్ లెక్కలు చూశా, 2023లో అమెరికా మొత్తం మీద బోట్ ప్రమాదాల్లో పోయినవాళ్ళు 564 మంది, వాళ్ళలో నూటికి 75 మంది మునిగి పోయినవాళ్ళే, ఆ మునిగినవాళ్ళలో 87 శాతం మంది ఒంటిమీద జాకెట్ లేదు. మా ఆవిడకి ఈ లెక్క చూపించకుండా ఉండాల్సింది.

తప్పు జాకెట్‌ది ఒక్కటే కాదు, కయాక్ కూడా. పది అడుగులది, సిట్-ఆన్-టాప్, అంటే లోపల దూరి కూర్చోకుండా పైనే కూర్చునే రకం, అడుగున బెజ్జాలుంటాయి నీళ్ళు వాటంతట అవే దిగిపోడానికి. 275 పౌండ్లు మోస్తుందని స్టిక్కర్. నేను 190, బరువు సరిపోతుంది కదా అనుకున్నా. తర్వాత తెలిసింది ఏంటంటే ఆ అంకెలో డెబ్బై శాతం దాటితే కయాక్ నీళ్ళలో కిందకి దిగిపోయి ఒరిగితే తిరిగి నిలబడ్డం మానేస్తది అని, డెబ్బై శాతం అంటే 192. నేనొక్కణ్ణే దానికి సరిపోయా, పైన లంగరు, బ్యాటరీ, డబ్బా నిండా ఎరలు, పులిహోర డబ్బా, రెండు లీటర్ల నీళ్ళు. కొత్తగా కొనేవాళ్ళు మీ బరువు, సామాను బరువు కలిపి, దాన్ని 0.7తో భాగించి వచ్చినదానికి తగ్గకుండా మోసే కయాక్ చూసుకోండి, మన సైజు మనిషికి పన్నెండు అడుగులది అయితే హాయి. కానీ అది కారు మీదకి ఎక్కించడానికి నడుం ఉండాలి, అది వేరే సంగతి.

రెండో జాకెట్. ఈసారి పౌరుషం వచ్చి నూట నలభై డాలర్లు పెట్టి గాలి నిండేది కొన్నా, ఆటోమేటిక్. మెడ చుట్టూ సన్నగా సస్పెండర్‌లా ఉంటది, వేసుకున్నట్టే ఉండదు, టెక్సస్ జూలై ఎండలో కూడా. లోపల 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, నీళ్ళు తగిలితే కరిగిపోయే చిన్న బిళ్ళ, అది కరగ్గానే స్ప్రింగు సూదిని తోస్తుంది, సిలిండర్‌కి చిల్లుపడి ఠప్‌మని ఉబ్బుతుంది. ఉబ్బాక నీళ్ళ మీద తేల్చే శక్తి మామూలు ఫోమ్ జాకెట్ కంటే ఎక్కువ, ఫోమ్‌ది 15.5 పౌండ్లు అయితే దీనిది 22.5 పైనే. సౌకర్యంలో పదికి పది. మరి సమస్య ఏంటంటే ఆ బిళ్ళకి లేక్ నీళ్ళకీ చెమ్మకీ తేడా తెలీదు. తడిసిన జాకెట్‌ని ట్రంక్‌లో టవల్ కింద పెట్టి మర్చిపోయా, రెండోరోజు అందరం గుడికి వెళ్తుంటే హైవే మీద వెనకనుంచి దీపావళి లక్ష్మీబాంబులా ఒక పేలుడు, మా ఆవిడ టైరు పేలిందని అరుపు, పిల్లాడు ఏడుపు, నేను షోల్డర్ మీదకి తీసి డిక్కీ తెరిస్తే లోపల పసుప్పచ్చగా ఉబ్బి కూర్చుంది. మళ్ళీ సిలిండర్, బిళ్ళ కలిపిన కిట్ ముప్పై చిల్లర. కయాక్‌లో అయితే తెడ్డు నుంచి కారే నీళ్ళు, వాన, అన్నీ దానికి గండమే. నీటి ఒత్తిడికి మాత్రమే పేలే ఇంకో రకం ఉంది, తడికి పేలదు, మంచిదే కానీ రేటు దాదాపు రెట్టింపు, కిట్ కూడా ఖరీదు.

దీన్ని తిట్టడం లేదు, బాస్ బోట్ ఉన్నవాళ్ళకి ఇదే కరెక్ట్, ఎందుకంటే వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిజంగా వేసుకునే ఒకే రకం ఇది. కానీ రెండు పనులు చెయ్యాలి. ప్రతి ట్రిప్‌కీ ముందు జాకెట్ సిద్ధంగా ఉందని చెప్పే ఆకుపచ్చ గుర్తు కనబడుతోందా చూడాలి, సిలిండర్ గట్టిగా బిగించి ఉందా చేత్తో తిప్పి చూడాలి. లేబుల్ కూడా చదవండి, కొన్ని గాలి జాకెట్లు ఒంటిమీద ఉంటేనే చట్టం లెక్కలోకి వస్తాయి, సీటు కింద ఉంటే లేనట్టే. 16 ఏళ్ళలోపు పిల్లలకి ఈ రకం వాడకూడదు, ఈత రానివాళ్ళకి కూడా ఇవ్వకండి. ఇక నడుముకి బెల్టులా కట్టుకునే పౌచ్ రకం ఉంది, దాన్ని చూసి ముచ్చటపడకండి, చాలావాటికి తాడు మనమే లాగాలి, ఉబ్బాక తల మీంచి మనమే వేసుకోవాలి. నేను ఇందాక చెప్పిన ఆ మొదటి నిమిషంలో ఇవన్నీ చేస్తానని ఎవరైనా అంటే దండం పెడతా.

మూడోది, ఇప్పుడు వాడేది. ప్యాడ్లింగ్ ఫోమ్ జాకెట్, నూటపది పెట్టా. కయాక్ సీటుకి వీపు ఆనేచోట ఫోమ్ ఉండదు, జాలీ ఒకటే, అందుకే ముందుకి తోసినట్టు ఉండదు. చంకల దగ్గర బాగా కత్తిరించి ఉంటది కాబట్టి గాలం విసరడానికి అడ్డం రాదు. ముందు రెండు జేబులు, ఒకదాంట్లో ప్లయర్, ఇంకోదాంట్లో దారం కత్తిరించేది, భుజానికి విజిల్ కట్టుకున్నా. కొనేటప్పుడు పెద్దవాళ్ళకి బరువు కాదు, ఛాతీ కొలత చూడాలి. స్టోర్‌లోనే వేసుకుని పట్టీలన్నీ బిగించి, పక్కన ఎవర్నైనా జాకెట్ రెండు భుజాలూ పట్టుకుని పైకి లాగమనండి, జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులు, చిన్నది తీసుకోండి. రంగు విషయంలో మనవాళ్ళందరూ ఆకుపచ్చ క్యామో వైపే వెళ్తారు, ఫొటోలో బావుంటదని. చేప మీ జాకెట్ చూసి పారిపోదండి, కానీ యాభై మైళ్ళ స్పీడ్‌లో వచ్చే బోట్ వాడికి నీళ్ళలో మీ తల ఒక్కటే కనబడుతుంది కొబ్బరికాయంత, ఆరెంజో పసుపో తీసుకోండి.

నచ్చనివి కూడా చెప్పాలి. జూలై ఆగస్టుల్లో ఉడుకుతుంది, పదకొండు దాటితే నేను గంటకోసారి జాకెట్‌తో సహా ఒళ్ళంతా తడుపుకుంటా. ఆ జాలీ గుడ్డకి మూడు ముళ్ళున్న ట్రెబుల్ గాలాలు పట్టుకున్నాయంటే అరగంట పని, ఒకసారి చేప గింజుకుంటుంటే ఒక ముల్లు బొటనవేల్లోకి, ఇంకో ముల్లు జాకెట్‌లోకి, చేప ఇంకా మూడోదానికి వేలాడుతూ ఉంది, నేనూ చేపా జాకెట్టూ ఒకే కట్ట. అప్పట్నుంచీ కయాక్‌లో ఒంటి ముల్లు గాలాలే, ట్రెబుల్ తప్పదంటే ప్లయర్‌తో కొక్కెం పళ్ళు నొక్కేస్తా. మా బావ ఒకడున్నాడు, అమలాపురం వాడు, ఫొటో పెట్టగానే "ఏరా, చేపకంటే నువ్వే లావుగా కనబడుతున్నావ్" అని కామెంట్. కనబడనీ.

రెండోసారి పడింది ఈ జాకెట్‌తోనే, లూయిస్‌విల్‌లో, పోయిన జూలైలో. వారాంతం మధ్యాహ్నం ఆ లేక్‌లో వేక్ బోట్లు, అంటే కావాలని పెద్ద అలలు లేపే బోట్లు, వరసకట్టి తిరుగుతుంటాయి, ఒకదాని వెనక లేచే అల పక్కనుంచి కొట్టింది, కొత్త పన్నెండు అడుగులదే అయినా ఒరిగింది, నేను మంచినీళ్ళ సీసా కోసం వెనక్కి తిరిగి ఉన్నా. పడ్డా. పడ్డానని అనుకునేలోపే తల పైన ఉంది. అంతే, పెద్ద కథ లేదు, అదే కథ. తర్వాత ఎక్కడం మాత్రం మూడు ప్రయత్నాలు పట్టింది, అవతలి అంచు పట్టుకుని, కాళ్ళు చేపతోకలా కొట్టి, పొట్టమీద అడ్డంగా పడి, అప్పుడు తిరిగి కూర్చోవాలి, జేబులో ప్లయర్ అంచుకి తట్టుకుని రెండుసార్లు జారిపోయా. ఇది ముందే ఛాతీ లోతు నీళ్ళలో ఫ్రెండ్‌ని పక్కన పెట్టుకుని ప్రాక్టీస్ చేసి ఉన్నా కాబట్టి కంగారు రాలేదు. జేబులు చదునుగా ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి.

రాడ్ గురించి అడుగుతారని తెలుసు, త్వరగా చెప్పేస్తా. ఏడు అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీల్, పది పౌండ్ల అల్లిక దారం, చివర కొద్దిగా ఫ్లోరోకార్బన్ దారం. ఐదంగుళాల సెంకో పురుగు (మెత్తటి ప్లాస్టిక్ ఎర) తీసుకుని సరిగ్గా నడుం మధ్యలో గాలం గుచ్చండి, దీన్ని వాకీ రిగ్ అంటారు, విసిరి ఏమీ చెయ్యకండి, అది రెండు చివర్లూ ఊపుకుంటూ మునుగుతుంటేనే పట్టేస్తుంది. మొదటి ఏడాదే బెయిట్‌కాస్టర్ రీల్ జోలికి పోకండి, దారం పిచ్చుక గూడు అయిపోయి సగం పొద్దు విప్పుకోవడమే సరిపోతుంది. మొత్తం వంద డాలర్లలో అయిపోవాలి. 17 నిండినవాళ్ళకి లైసెన్స్ తప్పనిసరి, టెక్సస్‌లో ఉండేవాళ్ళకి మంచినీటి ప్యాకేజీ 30 డాలర్లు, స్టేట్ పార్క్ గట్టు మీంచి పడితే అదీ అక్కర్లేదు. లార్జ్‌మౌత్ రకం బాస్ 14 అంగుళాల లోపుది వదిలెయ్యాలి, రోజుకి ఐదు, కొన్ని లేకుల్లో వేరే రూల్, లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్యది ఏదైనా వెనక్కి వెయ్యాల్సిందే. 1992లో 18.18 పౌండ్ల రాష్ట్ర రికార్డు చేప పడింది ఆ లేక్‌లోనే, అలా కాపాడుతున్నారు కాబట్టే ఇంకా పెద్దవి దొరుకుతున్నాయని నా నమ్మకం. నేను ఎలాగూ అన్నీ వదిలేస్తా, కొరమీను పులుసు రుచి దీనికి రాదు.

ఫోర్క్‌కి మోటార్ బోట్‌లో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఆ లేక్ నిండా నిలబడి చచ్చిన చెట్లు, నీటి మట్టానికి కొంచెం కింద మోళ్ళు. స్పీడ్‌లో మోడుకి తగిలితే మనిషి ఎగిరి బయట పడతాడు, బోట్ ఆగకుండా గుండ్రంగా తిరిగి మళ్ళీ వాడి మీదకే వస్తుంది. అందుకే ఒంటికి కట్టుకునే కిల్ స్విచ్ తాడు, మనిషి పడితే అది ఊడి ఇంజన్ ఆగిపోతుంది. 2021 ఏప్రిల్ నుంచి ఫెడరల్ చట్టమే ఉంది, 26 అడుగుల లోపు బోట్లు స్పీడ్‌లో వెళ్తున్నప్పుడు అది తగిలించుకోవాలి. చాలామంది స్టీరింగ్‌కే చుట్టేసి పెడతారు, చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఫ్యామిలీతో పాంటూన్ బోట్ (చదునుగా, వెడల్పుగా ఉండే బోట్) అద్దెకి తీసుకునేవాళ్ళకి. పోయిన ఏడాది ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారని ఒక చోట బుక్ చేశా, పేరు అనవసరం, పదిమందికి జాకెట్లు ఇచ్చారు, అన్నీ పెద్దవాళ్ళవే, రెండింటికి బకిల్ విరిగిపోయి ఉంది, మా నాలుగేళ్ళవాడికి వేస్తే భుజాల్లోంచి కిందకి జారిపోతోంది. అడిగితే అంతే ఉన్నాయన్నాడు. ఇక్కడ 13 ఏళ్ళలోపు పిల్లలు బోట్ కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలని చట్టం, చిన్న బోట్లన్నిటికీ. మేం అరగంట లేట్ అయినా స్టోర్‌కి వెళ్ళి వాడి బరువుకి తగ్గది, తలవెనక దిండు, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నది కొని తెచ్చాం. కొన్ని పార్కుల్లో బోట్లు దింపే ర్యాంపుల దగ్గర జాకెట్లు బోర్డుకి తగిలించి ఉంటాయి, వాడుకుని మళ్ళీ అక్కడే పెట్టెయ్యొచ్చు, డబ్బులు లేవు, అది చాలామందికి తెలీదు. మా అమ్మ చీరమీద జాకెట్ ఏంటిరా అని మొహమాటపడింది. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదార్లో టూరిస్టు బోటు మునిగి ఏం జరిగిందో ఆవిడకి నేను గుర్తుచెయ్యక్కర్లేదు, మా ఊరికి దగ్గరే, నాన్న మాట్లాడకుండా పట్టీ బిగించాడు.

ఇంకొకటి, చదువుకోడానికి వచ్చిన పిల్లలు లేక్ దగ్గరకి సరదాగా వెళ్ళి మోకాలి లోతులో నడుస్తూ వెళ్తుంటారు. ఇక్కడి లేకులు చాలావరకు నదికి అడ్డంగా డ్యామ్ కట్టి నింపినవి, పాత వాగు గట్లు, రోడ్లు అన్నీ అడుగునే ఉన్నాయి, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో మనిషి లోతు అయిపోతుంది. గట్టు మీంచి చేపలు పట్టినా సరే, నీళ్ళలోకి దిగేట్టయితే వేసుకోండి.

రేటింగ్ కావాలంటే ఫోమ్ ప్యాడ్లింగ్ జాకెట్‌కి ఐదుకి నాలుగున్నర, జేబుల కోసం అర తగ్గించా. ఆటోమేటిక్‌కి బోట్ వాళ్ళకైతే నాలుగు, కయాక్ వాళ్ళకైతే రెండు. ఆ ఆరెంజ్ నాలుగింట్లో రెండు ఎండకి రంగుపోయి గుడ్డ చీకిపోయాయి, ఎవరో తీసుకెళ్ళి వాడకుండా పట్టీలన్నీ కోసేసి చెత్తలో వేశా, మిగతా రెండూ గరాజ్‌లో ఉన్నాయి. మా బావ వచ్చే వారం కయాక్ తెచ్చుకుని వస్తానన్నాడు, అవి అడిగాడు, లేవని చెప్పా, నీ ఛాతీ కొలత ఎంతో పంపమన్నా.